గల్లీ కెమెరా ఎవరి మాట వింటుంది?

పాతబస్తీలోని కాలాపత్తర్‌లో 53.7 శాతం విస్తీర్ణం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం విస్తీర్ణం ఏదో ఒక సీసీ కెమెరా చూపు కింద ఉందని 2021 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టిన అంచనా. ఆ తర్వాత జరిగిన చర్చంతా ఎవరిని చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అన్న చోటే తిరిగింది. తిరగాల్సిందే కూడా. దారిన పోయేవారి ముఖాలను సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడటాన్ని ప్రశ్నిస్తూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టు తలుపు తట్టింది కూడా ఆ ఆందోళనతోనే.

దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని పెద్దగా ఎవరూ ఎత్తుకోలేదు. కరెంటు స్తంభం మీది ఆ కెమెరా, దుకాణంలో గల్లాపెట్టె వెనక ఉండే డీవీఆర్, ఫైబర్ వైరు వచ్చి ఆగే రౌటర్ డబ్బా, ఇవన్నీ చిన్నపాటి కంప్యూటర్లే. చాలావాటిలో నడిచేది లినక్స్. వాటిని నడిపించే ఫర్మ్‌వేర్ లోపలి ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పెట్టె ఆ చిప్‌ను మొదటినుంచి చదువుకుని లేస్తుంది. చదువుతున్నది కంపెనీ రాసిన ప్రోగ్రామేనా, మధ్యలో ఎవరో మార్చి పెట్టిందా అని ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా లేచిన కెమెరా ఆ తర్వాత ఎవరి మాట వింటుందో చెప్పలేం. పోలీసుల మాట వింటున్నట్టే కనిపిస్తూ, అదే బొమ్మను ఇంకెవరికో పంపుతుండవచ్చు.

హైదరాబాద్‌లో ఈ కెమెరాలు వచ్చిన దారి చూస్తే ప్రశ్న ఎందుకు వెనకబడిందో అర్థమవుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. వంద మంది, అంతకు మించి గుమిగూడే చోట కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డింగు దాచాలని చెప్పింది. తర్వాత పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీ సంఘాలను, వ్యాపారులను కదిలించారు. జనం చందాలు వేసుకుని కెమెరాలు కొన్నారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరుచుకుంది. పైన ఇంత పెద్ద భవనం, కింద రకరకాల కంపెనీల కెమెరాలు. వాటిని కొన్నవాళ్లు చూసుకున్నది ధర, బొమ్మ స్పష్టత, వారంటీ. లోపల నడిచే ప్రోగ్రాము ఎవరిదన్నది బజారులో ఎవరూ అడిగే మాట కాదు, దుకాణదారు చెప్పే మాట అంతకంటే కాదు.

ఇలాంటి పెట్టె లేచేటప్పుడు లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలంటే ఓ స్క్రూడ్రైవరు, మూడు వైర్లున్న సీరియల్ కేబుల్ చాలు. మూత తీస్తే బోర్డు అంచున వరసగా మూడు నాలుగు చిన్న చుక్కలు కనిపిస్తాయి. రిపేరు చేసేవారు యూఆర్ట్ అనేది వీటినే. కేబుల్ కలిపి ల్యాప్‌టాప్‌లో తెర తెరిచి కరెంటు ఇస్తే పెట్టె తన సంగతులు తనే చెప్పుకుంటూ పోతుంది. యూ-బూట్ అనే బూట్‌లోడర్ పేరు, వెర్షన్, ర్యామ్ ఎంత, ఫ్లాష్ ఎంత. ఆ తర్వాత ఓ వాక్యం వస్తుంది: ‘హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్’. పక్కన మూడు, రెండు, ఒకటి అని అంకె దిగుతుంటుంది. ఈలోగా ఏదో ఒక మీట నొక్కితే బూట్ ఆగిపోయి కమాండ్ల కోసం ఎదురుచూస్తుంది. తనిఖీ ఏర్పాటు లేని పెట్టెలో ఇక అడ్డేమీ లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండానే లినక్స్‌ను నేరుగా షెల్‌లోకి లేపవచ్చు. వేరే ఫర్మ్‌వేర్‌ను ఫ్లాష్‌లోకి ఎక్కించి, మూత బిగించి, తిరిగి గోడకు తగిలించవచ్చు. తగిలించాక బయటినుంచి చూసేవారికి ఏ తేడా తెలియదు.

తనిఖీ ఉన్న పెట్టెలో ఇదే చోట ఇంకో వాక్యం కనిపిస్తుంది: ‘వెరిఫయింగ్ హాష్ ఇంటిగ్రిటీ’, దాని వెంట ‘ఓకే’. ఆ ‘ఓకే’ రాకపోతే పెట్టె ముందుకు కదలదు.

ఆ ఒక్క మాట వెనక పెద్ద వరసే ఉంది. ప్రాసెసర్ చిప్ తయారైనప్పుడే అందులో చెరపడానికి వీల్లేని చిన్న ప్రోగ్రాము పెడతారు, దాన్ని బూట్ రోమ్ అంటారు. ఫ్యాక్టరీలో కెమెరా కంపెనీ తన పబ్లిక్ కీ తాలూకు హాష్‌ను, అంటే వేలిముద్ర లాంటి అంకెను, ఈ-ఫ్యూజుల్లో కాల్చేస్తుంది. ఒకసారి కాలిన ఫ్యూజు మళ్లీ అతకదు. కరెంటు రాగానే బూట్ రోమ్ ముందుగా బూట్‌లోడర్ మీది డిజిటల్ సంతకాన్ని ఆ కీతో పోల్చి చూస్తుంది. సరిపోతే పగ్గాలు బూట్‌లోడర్‌కు ఇస్తుంది. బూట్‌లోడర్ లినక్స్ కెర్నల్ సంతకం చూస్తుంది. కెర్నల్ తన వంతుగా, డీఎం-వెరిటీ లాంటి ఏర్పాటుంటే, ఫైళ్లను ముక్కముక్కగా చదివేటప్పుడే సరిచూసుకుంటుంది. ఫర్మ్‌వేర్‌లో ఒక్క బిట్టు మారినా లెక్క తప్పుతుంది, సంతకం పెట్టడానికి కావాల్సిన ప్రైవేట్ కీ కంపెనీ దగ్గరే ఉంటుంది గనుక మరొకరు కొత్త సంతకం పెట్టలేరు. సెక్యూర్ బూట్ అని పిలిచే ఈ ఆలోచన కొత్తదేం కాదు. విలియం ఆర్బా, డేవిడ్ ఫార్బర్, జొనాథన్ స్మిత్ 1997లోనే ‘ఏజిస్’ పేరుతో పరిశోధన పత్రంలో ఇలాంటి గొలుసును వివరించారు. పర్సనల్ కంప్యూటర్లలో 2012లో విండోస్ 8తో ఇది ఇంటింటికీ చేరింది. చవక రౌటర్లు, కెమెరాల దాకా దిగిరావడానికే చాలా ఏళ్లు పట్టింది.

అంత ఆలస్యం వల్ల జరిగిన నష్టం మన దేశానికీ తగిలింది. 2015 సెప్టెంబరులో మాండియంట్ సంస్థ ‘సింఫుల్ నాక్’ అనే దాడిని బయటపెట్టింది. సిస్కో రౌటర్లలోని అసలు ఐఓఎస్ ఇమేజ్‌ను తీసి, దొంగ ద్వారం కలిపిన ఇమేజ్‌ను పెట్టారు. రౌటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఆపి మళ్లీ ఆన్ చేసినా దొంగ ద్వారం అలాగే ఉంటుంది. అప్పటికి దొరికిన 14 రౌటర్లు నాలుగు దేశాల్లోవి: ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, మెక్సికో, భారత్. సెక్యూర్ బూట్ అవసరాన్ని ఇంత నేరుగా చూపించిన ఉదాహరణ మరొకటి దొరకదు.

ఐతే దాడులన్నీ ఈ తరహావి కావు. సెక్యూర్ బూట్‌ను సర్వరోగ నివారిణిగా అమ్మేవారు దాచిపెట్టే సంగతి ఇదే. 2016లో లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను చేజిక్కించుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టిన ‘మిరాయ్’ అనే మాల్వేర్ వాటి ఫర్మ్‌వేర్ జోలికే పోలేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ లోపలికి దూరి ర్యామ్‌లో కూర్చుంది. పెట్టెను ఆపి ఆన్ చేస్తే పోతుంది. పాస్‌వర్డ్ మార్చకపోతే మళ్లీ వస్తుంది. అలాంటి పెట్టెలో బూట్ తనిఖీ ఎంత పక్కాగా ఉన్నా ప్రతిసారీ ‘ఓకే’ అనే చెబుతుంది, అది అబద్ధమూ కాదు. 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెంలు వేల సంఖ్యలో మూగబోయినప్పుడూ మూలం ఫ్యాక్టరీ పాస్‌వర్డే. పాస్‌వర్డులు మార్చుకోండని సంస్థ వినియోగదారులకు చెప్పుకోవాల్సి వచ్చింది.

2018 మేలో సిస్కో టాలోస్ వెల్లడించిన ‘వీపీఎన్‌ఫిల్టర్’ అనే మాల్వేర్, ఫర్మ్‌వేర్‌ను మార్చే దాడికీ ర్యామ్‌లో కూర్చునే దాడికీ మధ్యలో ఉంది. కనీసం 54 దేశాల్లో, కనీసం 5 లక్షల రౌటర్లు, నిల్వ పెట్టెలు దీని బారిన పడ్డాయి. వాటిని ఒకసారి ఆపి ఆన్ చేయమని అమెరికా ఎఫ్‌బీఐ జనాన్ని కోరింది. అలా చేస్తే మాల్వేర్ తర్వాతి దశల భాగాలు పోతాయి, మొదటి దశది మాత్రం మిగులుతుంది. ఎందుకంటే అది సెట్టింగులు దాచుకునే చోట, నిర్ణీత సమయాలకు పనులు నడిపే జాబితాలో తలదాచుకుంది. కెర్నల్ దాకా సంతకం చూసి, ఆ తర్వాత రాసుకునే జాగాను గాలికొదిలేసిన పెట్టెలో ఇలాంటిది మిగలక మానదు. అందుకే ఒక కంపెనీ తన పెట్టెకు సెక్యూర్ బూట్ ఉందని చెప్పినప్పుడు వెంటనే అడగాల్సిన మాట: ఎంతవరకు? బూట్‌లోడర్ వరకా, కెర్నల్ వరకా, ఫైళ్లన్నిటి వరకా? ప్రకటనల్లో ఈ మూడిటికీ ఒకే పేరు.

సంతకం సరిగ్గా ఉన్నా మోసం జరిగే దారి ఒకటుంది. కంపెనీ 2019లో ఇచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఓ రంధ్రం బయటపడి 2021లో సరిచేసిందనుకుందాం. 2019 ఫర్మ్‌వేర్ మీది సంతకం మాత్రం నేటికీ అసలైనదే. దాడి చేసేవాడు పెట్టెను ఆ పాత వెర్షన్‌కు దించితే తనిఖీ సంతోషంగా ఒప్పుకుంటుంది. 2023 సెప్టెంబరులో అమెరికా, జపాన్ సంస్థలు కలిసి ‘బ్లాక్‌టెక్’ ముఠా మీద ఇచ్చిన హెచ్చరికలో ఉన్నది ఇదే ఎత్తుగడ: పాత అసలు ఫర్మ్‌వేర్‌ను ఎక్కించి, నడుస్తున్న ప్రోగ్రామును మెమరీలో మార్చి, సంతకపు తనిఖీని దాటేసి, తమదాన్ని పెట్టడం. దీనికి విరుగుడు కూడా ఫ్యూజుల్లోనే ఉంది. వెర్షన్ పెరిగినప్పుడల్లా ఒక ఫ్యూజు కాల్చితే పెట్టె ఇక వెనక్కి దిగదు.

తనిఖీ చేసే చిప్‌కే చీడ పడితే? 2019 మేలో రెడ్ బెలూన్ సెక్యూరిటీ సంస్థ పరిశోధకులు చూపించింది అదే. సిస్కో తన ఖరీదైన రౌటర్లలో నమ్మకానికి పునాదిగా పెట్టిన ట్రస్ట్ యాంకర్ భాగాన్ని ఎఫ్‌పీజీఏ అనే, తిరిగి మలచుకోదగ్గ చిప్ మీద కట్టింది. ఆ చిప్‌కు అందే సమాచారపు ఫైలు మార్చడానికి వీలున్న చోట ఉంది. దాన్ని మార్చి కాపలాదారునే నిద్రపుచ్చారు. పునాది మార్చడానికి వీల్లేనిదై ఉండాలన్న మొదటి సూత్రమే అక్కడ తప్పింది.

ఇంతకీ ఈ వ్యవస్థ మొత్తం బరువు పడేది ప్రైవేట్ కీ మీద. దాన్ని కంపెనీలు ఎలా చూసుకుంటున్నాయో తెలిస్తే బాధ కలుగుతుంది. 2015లో డీ-లింక్ ఓ భద్రతా కెమెరా ఫర్మ్‌వేర్ సోర్సును బహిరంగంగా పెడుతూ, విండోస్ సాఫ్ట్‌వేర్ మీద సంతకానికి వాడే తన ప్రైవేట్ కీలను అందులోనే వదిలేసింది. 2024 జులైలో బైనర్లీ సంస్థ ‘పీకేఫెయిల్’ గుట్టు విప్పింది. వందల మోడళ్ల కంప్యూటర్లు నమ్మకానికి మూలంగా పెట్టుకున్నది, ‘డు నాట్ ట్రస్ట్’ అని పేరులోనే రాసి ఉన్న నమూనా కీ. పరీక్షల కోసం ఇచ్చిన కీని మార్చకుండానే సరుకు బజారుకు పంపేశారు. పేరున్న కంప్యూటర్ల గతే ఇదైతే, ఏ ఫ్యాక్టరీలోనో తయారై పది బ్రాండ్ల స్టిక్కర్లతో అమ్ముడయ్యే కెమెరాల కీ ఎవరి దగ్గరుందో ఊహకే వదిలేయాల్సి వస్తోంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముద్ర పడ్డ దస్తావేజు ఎవరు రాసిచ్చారో చెబుతుంది గానీ అందులోని మాట నిజమో కాదో చెప్పదు. ఫర్మ్‌వేర్ మీది సంతకమూ అంతే. కంపెనీయే తెలిసో తెలియకో రంధ్రం వదిలితే సెక్యూర్ బూట్ ఆ రంధ్రాన్ని కూడా కాపాడుతుంది. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడ్డ లోపం, పాస్‌వర్డ్ లేకుండానే బయటివారికి పూర్తి అధికారం ఇచ్చేది, కంపెనీ సొంత ఫర్మ్‌వేర్‌లోదే. అందుకే సంతకం చూడటంతోపాటు, సంతకం పెట్టినదాన్ని మూడో మనిషి చదవడం కూడా కావాలి.

భారత ప్రభుత్వం ఈ దారిలోనే కాస్త గట్టిగా అడుగేసింది. 2024 ఏప్రిల్ 9న కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సీసీ కెమెరాలకు తప్పనిసరి భద్రతా నిబంధనలు గెజెట్‌లో ప్రకటించింది. ఏడాది తర్వాత, 2025 ఏప్రిల్ 9 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. బూట్ ఇమేజ్ మీది సంతకాన్ని సరిచూశాకే పెట్టె లేవాలి. పాత వెర్షన్‌కు దిగకూడదు. యూఆర్ట్ లాంటి డీబగ్ దారులు మూసెయ్యాలి, లేదా వాటికి గట్టి పాస్‌వర్డ్ ఉండాలి. ప్రతి పెట్టెకూ దాని సొంత కీలు ఉండాలి. ఆ శాఖ కిందే ఉన్న ఎస్‌టీక్యూసీ పర్యవేక్షణలో ప్రయోగశాలలు పరీక్షిస్తాయి, సోర్సు కోడ్ కూడా అడుగుతాయి. విదేశీ కంపెనీలు కొన్ని గడువు పొడిగించమని కోరాయి, సోర్సు కోడ్ ఇవ్వడానికి వెనకాడాయి. కడప దగ్గర కొప్పర్తిలో తయారయ్యే సీపీ ప్లస్ కెమెరాలూ ఇదే నిబంధన కింద పరీక్షకు నిలబడాలి. టెలికాం వైపు చూస్తే రౌటర్లు, వైఫై పెట్టెల భద్రతా ప్రమాణాలను టెలికాం శాఖకు చెందిన, బెంగళూరులోని ఎన్‌సీసీఎస్ రాస్తోంది. వాటిలోనూ బూట్ తనిఖీ ఉంది.

నిబంధన మంచిదే. దాని కాళ్లు కొత్త సరుకు దాకానే వెళ్తాయి. కాలాపత్తర్ కెమెరాలను లెక్కించింది 2021లో. అవి కొన్నప్పుడు ఈ నిబంధన లేదు. ఈ-ఫ్యూజులు లేని చిప్‌కు తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించినా పునాది రాదు, కొన్నప్పుడే ఉండాలి. పాత పెట్టెలను మార్చేదాకా మిగిలే దారులు తక్కువ: కెమెరాలను విడి నెట్‌వర్క్‌లో పెట్టడం, బయటి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచకపోవడం, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చడం, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడళ్లను దించేయడం. వినడానికి చిన్న పనులే. మిరాయ్‌కు అడ్డం పడేవి మాత్రం ఇవే.

లేవగానే తనను తాను పరీక్షించుకునే యంత్రం గురించి దేశంలో అన్నిటికంటే ఎక్కువ వాదోపవాదాలు జరిగింది హైదరాబాద్‌తో ముడిపడ్డ మరో పెట్టె మీద. ఈవీఎంలను తయారుచేసేది రెండే సంస్థలు: బెంగళూరులో బెల్, హైదరాబాద్‌లో ఈసీఐఎల్. ఈవీఎం నెట్‌వర్క్‌కు కలపని యంత్రం, కెమెరాతో దానికి పోలిక లేదు. లోపల నడిచేది అసలు ప్రోగ్రామేనా అన్న ప్రశ్న మాత్రం ఒకటే. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రైప్ కలిసి, యంత్రం చేతికి చిక్కితే భాగాలను మార్చి ఫలితాన్ని తారుమారు చేయవచ్చని చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. చిప్‌లోని ప్రోగ్రామును బయటికి చదవడానికి వీల్లేకపోవడాన్ని అధికారులు భద్రతగా చెప్పారు. చదవలేనిదాన్ని సరిచూడటం ఎలా అని పరిశోధకులు అడిగారు.

రెండు మాటల్లోనూ బలం ఉంది. ఆ తర్వాతి తరం ఎం3 యంత్రాలు ఆన్ చేసిన ప్రతిసారీ తమను తాము పరీక్షించుకుంటాయని, భాగాల్లో మార్పుంటే పట్టేస్తాయని ఎన్నికల సంఘం చెబుతోంది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు కోరితే ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం యంత్రాల్లోని మెమరీని ఫలితాల తర్వాత తయారీ సంస్థ ఇంజనీర్లతో పరీక్షించే వీలు కల్పించింది. పెట్టె తనను తాను నమ్ముకుంటే చాలదు, సంబంధమున్న మనిషి ముందు నిరూపించుకోవాలన్న సూత్రం అక్కడ కోర్టు ఆదేశంలోకి వచ్చింది. సెక్యూర్ బూట్‌కు తోడు వచ్చే మెజర్డ్ బూట్ చేసేదీ ఇదే. లేచేటప్పుడు చదివిన ప్రతి భాగం హాష్‌ను ఓ భద్రమైన చిప్‌లో నమోదు చేసి, అడిగినవారికి సంతకంతో చూపిస్తుంది. కమాండ్ సెంటర్ తనకు బొమ్మలు పంపే ప్రతి కెమెరానూ రోజూ ఇలా అడగవచ్చు. ప్రజా ధనంతో కొనే కెమెరాల టెండర్లలో ఇది తప్పనిసరి షరతుగా ఉండి తీరాలి.

తాళం బిగించేకొద్దీ యజమానికీ తాళం పడుతుందన్న ఫిర్యాదూ న్యాయమైనదే. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్సు బయటికొచ్చాకే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. కంపెనీలు వదిలేసిన ఎన్నో రౌటర్లకు అది కొత్త ఆయుష్షు పోసింది. 2016లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, టీపీ-లింక్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో బయటి ఫర్మ్‌వేర్‌కు దారి వదలాలన్న షరతు కూడా పెట్టింది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ కొని, చెడితే బాగుచేయించుకుని ఏళ్ల తరబడి వాడుకునే పాతబస్తీ కుటుంబాలకు ఇది గాలిలో వాదం కాదు. క్రోమ్‌బుక్‌లు నడి దారి చూపించాయి. యజమాని పెట్టె దగ్గర ఉండి కోరుకుంటే తాళం తీయవచ్చు, కాని లేచిన ప్రతిసారీ తెర మీద హెచ్చరిక కనిపిస్తుంది. ఇంటి రౌటర్‌కు ఆ పద్ధతి చాలు. వీధి మీద ఊరందరినీ చూసే కెమెరాకు మాత్రం తాళం పూర్తిగా ఉండాలి, దాని కీ ఎవరి దగ్గరుందో ఆ వీధిలోవారికి తెలియాలి.

చివరగా, తనిఖీలో ‘ఓకే’ రాని రోజు సంగతి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2018లో ఇచ్చిన 800-193 మార్గదర్శకం మూడు పనులు చెప్పింది: కాపాడటం, కనిపెట్టడం, కోలుకోవడం. మొదటి రెంటి మీద కంపెనీలు ఖర్చు పెడతాయి, మూడోది కరపత్రంలో కూడా కనపడదు. సంతకం తప్పిన కెమెరా గుడ్డిదై ఊరుకుంటే ఎవరికీ లాభం లేదు. పైగా దాడి చేసేవాడికి కావాల్సింది కూడా కొన్నిసార్లు అంతే, ఓ రాత్రి ఆ మలుపులో కెమెరా పనిచేయకపోవడం. ఫ్లాష్‌లో రెండో చోట చెడని, సంతకమున్న మంచి ఫర్మ్‌వేర్ ప్రతి ఉండాలి, పెట్టె దానితో లేవాలి, లేచానని, మొదటిది చెడిందని కమాండ్ సెంటర్‌కు కబురు పంపాలి. ఆ కబురు అందుకున్నాక నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాల్సింది ఎవరు, ఎన్ని గంటల్లో అన్నది నిర్వహణ ఒప్పందంలో రాసి ఉండాలి. చందాలతో కొన్న ‘నేను సైతం’ కెమెరాకు అలాంటి ఒప్పందం చేసుకోవాల్సింది కాలనీ సంఘమా, పోలీసు శాఖా అన్నది ముందుగా తేల్చుకోవాలి.